కుడికాలి పరీక్ష

ఏడాదికోసారి డిపోలో యాభై దాటిన డ్రైవర్లందరికీ ఒళ్లు పరీక్ష చేస్తారు. ఆ పరీక్షకి సరిగ్గా మూడు రోజుల ముందు డిపోకి బుద్ధొస్తుంది. క్యాంటీనులో పంచదార డబ్బా మూత తీసే నాథుడుండడు. నాలుగు మెట్లెక్కితే రొప్పేవాళ్లు షెడ్డు చుట్టూ గిరగిరా తిరుగుతుంటారు. రోజుకి పది సిగరెట్లు ఊదేవాడు పక్కవాడి పొగ పీల్చినా ముక్కు మూసుకుంటాడు. ఒకడు చేదు కషాయం సీసా తెచ్చుకుని, ప్రతి ట్రిప్పుకీ ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి బస్సెక్కుతాడు. పరీక్ష ముందు రోజు పుస్తకం తెరిచే పిల్లలకీ వీళ్లకీ తేడా ఒక్కటే. పిల్లలు తప్పితే మళ్లీ రాసుకోవచ్చు.

వీళ్లు తప్పితే ఏమవుతుందో చూడాలంటే షెడ్డు వెనక్కి వెళ్లాలి. అక్కడ బస్సులు కడిగే చోట పొడుగన్న ఉంటాడు. ఇరవై ఎనిమిదేళ్లు స్టీరింగు పట్టిన మనిషి. పోయినేడు ఇదే పరీక్షలో "కాళ్లెలా ఉన్నాయి?" అని అడిగితే, అడిగింది డాక్టరు కదా, డాక్టరు దగ్గర దాపరికమేమిటని "దూది మీద నడిచినట్టుందండీ" అన్నాడు. అంతే. మర్నాడే చేతికి నీళ్ల గొట్టం, పొడవాటి కర్ర బ్రష్షు ఇచ్చి వెనక్కి పంపేశారు. కాళ్లలో స్పర్శ తగ్గిందని బస్సు దింపిన మనిషిని పొద్దస్తమానం తడిలో నిలబెట్టడమేమిటని ఒక్కరూ అడగలేదు. రబ్బరు బూట్లు ఇప్పించమంటే వస్తాయన్నారు. ఏడాదిగా వస్తూనే ఉన్నాయి.

ఆ సోమవారం పొద్దున ఏడో నంబరు బస్సు డ్రైవరు డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టి, పొడుగన్న వైపు చూడకుండా తన బస్సు దగ్గరికి నడిచాడు. అతన్ని డిపోలో అందరూ నిదానం అంటారు. హారన్ కొట్టడు, పందెం వేసి ముందు బస్సుని దాటడు, పరుగెత్తుకొచ్చే వాళ్లని చూస్తే తలుపు మూయడు. ఆ పేరు పెట్టింది వెక్కిరింపుకే గానీ, ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్రమాదమూ లేకపోయేసరికి వెక్కిరింపు అరిగిపోయి మర్యాద మిగిలింది. ఇక ఏడాది ఎనిమిది నెలలు గడిస్తే మెళ్లో దండ వేయించుకుని, స్టీరింగు మీదనుంచి చెయ్యి తీసి, ఇంటికి పోతాడు. దండ వేసేది డ్రైవర్లకే. నీళ్ల గొట్టం పట్టుకున్న వాళ్లకి ఎవరూ వేసినట్టు అతను చూడలేదు.

బస్సు తీసేముందు డ్రైవర్లందరూ టైరుని కాలితో తన్ని చూస్తారు. గాలి ఎంతుందో బొటనవేలు చెబుతుంది. నిదానం కూడా తన్నాడు. కానీ అతని బొటనవేలు మాట్లాడడం మానేసి ఏడాది దాటింది. అందుకని తన్నేటప్పుడు చెవి కాస్త వంచి చప్పుడు వింటాడు. మొదట్లో ఆ కాల్లో చీమలు పాకినట్టుండేది. తర్వాత రాత్రిళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మంట. ఆ తర్వాత ఒకరోజు మంట పోయింది. రోగం తగ్గిందని సంతోషించాడు వెర్రిబాగులవాడు. పోయింది మంట ఒక్కటే కాదని, ఇంట్లో కాలికింద పడ్డ తాళంచెవుల గుత్తి తొక్కి, చప్పుడు విని కిందికి చూసినప్పుడు తెలిసింది.

బ్రేకు మీద కాలు పడిందో లేదో ఇప్పుడు అతనికి అరికాలు చెప్పదు. మోకాలు చెబుతుంది, తొడ చెబుతుంది, బస్సు ముక్కు కాస్త వంగినప్పుడు పొట్ట చెబుతుంది. వాటి సాక్ష్యం మీదే ఏడాదిగా బండి నడుపుతున్నాడు. ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు ఇద్దరే, ఇంట్లో భార్య, షెడ్డు వెనక పొడుగన్న.

ఆ రోజు రెండో ట్రిప్పులో ఇంకో చిక్కు వచ్చింది. ప్రయాణికుల్ని చూసుకోవడానికి తలమీద ఉండే లోపలి అద్దం ఒక పక్కకి వాలిపోయింది. దాన్ని పట్టి ఉంచే రెండు స్క్రూల్లో ఒకటి లేదు. అద్దంలో ప్రయాణికులకి బదులు తన ఒళ్లో తన చేతులే కనిపిస్తున్నాయి. దారంతో కట్టి, డిపోకి వచ్చాక ఫిర్యాదు పుస్తకంలో రాశాడు: "లోపలి అద్దం స్క్రూ లేదు."

"స్క్రూలు స్టాకు లేవు," అన్నాడు మెకానిక్కు.

"ఒక్క స్క్రూకి స్టాకేంటయ్యా?"

"అందరూ ఒక్కటే అంటారు నిదానంగారూ. ఎక్కడో మీ బస్సులోనే పడుంటుంది, వెతుక్కోండి."

సీటు కిందా, పెడళ్ల దగ్గరా చెయ్యి పెట్టి వెతికాడు. బల్బు ముక్కా, పాత టికెట్లూ, ఎవరిదో చొక్కా బొత్తామూ దొరికాయి గానీ స్క్రూ దొరకలేదు. సీటు కింద తన గుడ్డ బూట్లు ఉన్నాయి. ఒళ్లు పరీక్ష కోసం భార్య కొనిపెట్టిన మెత్తటి బూట్లు. అవి తీసి, డ్యూటీ బూట్లు విప్పి, మందపాటి మేజోళ్ల మీద వాటిని తొడుక్కుని, లేసులు బిగించి షెడ్డు చుట్టూ నడవడానికి బయల్దేరాడు. పన్నెండు చుట్లు నడవాలన్నది లెక్క. పదహారు నడిచాడు. మిగతావాళ్లు మధ్యలో కూలబడి కబుర్లలో పడ్డారు.

"మామకి పట్టుదల చూడండ్రా," అన్నాడు కషాయం సీసావాడు. "ఒక్క రాయి తగల్లేదు, ఒక్క అడుగు తడబళ్లేదు. కాళ్లా అవి, ఇనప కడ్డీలా?"

నిదానం నవ్వాడు. చమట పట్టింది, గుండె కొట్టుకుంది. కాళ్లు నొప్పెట్టలేదు.

మంగళవారం పొద్దున డ్యూటీకి ముందు పది చుట్లు నడిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళ రెండు దోసకాయ ముక్కలు నమిలి, ఎవరూ చూడకుండా షెడ్డు వెనక్కి వెళ్లాడు. పొడుగన్న ఒక బస్సుకి సబ్బు నురగ పట్టించి, దాని నీడలో తిరగేసిన బకెట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. కాళ్లకి చెప్పులున్నాయి. వేళ్ల మధ్య చర్మం నాని తెల్లగా పాలిపోయి ఉంది.

"ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అన్నాడు పొడుగన్న.

"పనుండి వచ్చా."

"పని లేకుండా ఎవడొస్తాడులే ఇక్కడికి. కూర్చో."

ఇంకో బకెట్టు తిరగేసి నిదానం కూర్చున్నాడు. ఎలా అడగాలో తెలియక నేలమీద కారుతున్న నురగ నీళ్లు చూశాడు. అడక్కముందే పొడుగన్నకి అర్థమైంది. రొట్టె పక్కన పెట్టి, బ్రష్షులోంచి పొడవాటి ప్లాస్టిక్ పోచ ఒకటి లాగాడు.

"బూటు విప్పు."

"ఇక్కడా?"

"ఇక్కడ సిగ్గుపడాల్సినవి బస్సులే, అవి ఆల్రెడీ నగ్నంగా ఉన్నాయి. విప్పు."

డ్యూటీ బూటు విప్పి కాలు చాచాడు నిదానం. మేజోడు విప్పబోతే పొడుగన్న వద్దన్నాడు. "నాకు కాలు చూసే పని లేదు, నీకు పాఠం చెప్పే పనే ఉంది. విను. నర్సు దగ్గర చేపల గాలం దారం లాంటిది ఉంటుంది. నిన్ను కళ్లు మూసుకోమంటుంది. పది చోట్ల ఆ దారంతో పొడుస్తుంది. తగిలినప్పుడల్లా 'ఆ' అనాలి. నీకు తగలదు. అందుకని ఏం చేస్తావంటే, మనసులో మూడంకెలు లెక్కపెట్టు, ఆ అను. మళ్లీ మూడు, మళ్లీ ఆ. కుర్చీ కిర్రుమంటే ఆ అను, గాజులు గలగలమంటే ఆ అను. అన్నిటికీ అనకు, అనుమానం వస్తుంది. పదింట్లో రెండు వదిలెయ్. మూసుకో కళ్లు."

నిదానం కళ్లు మూసుకున్నాడు. పోచ ఎక్కడ తగిలిందో, అసలు తగిలిందో లేదో తెలియదు. మూడు లెక్కపెట్టి "ఆ" అన్నాడు. మూడు లెక్కపెట్టి "ఆ". బస్సు ఒంటి మీదనుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"బాగుంది. ఏడింటికి ఏడు చెప్పావు," అన్నాడు పొడుగన్న. "నీకు స్పర్శ లేదన్నవాడి నోట్లో మన్ను."

"ఇదంతా తెలిసిన వాడివి, నువ్వెందుకు చెప్పావు అప్పుడు?"

పొడుగన్న రొట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పేది. నేను నోరు జారాను. నువ్వు జారకు. ఏడాది ఎనిమిది నెలలేగా, కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి."

"కళ్లు మూసుకుని బండి నడపమంటావా?" అన్నాడు నిదానం. అది వేళాకోళంగానే అన్నాడు. ఇద్దరూ నవ్వారు కూడా. నవ్వు అయిపోయాక పొడుగన్న లేచి గొట్టం తిప్పాడు.

సాయంత్రం డ్యూటీ దిగి, గుడ్డ బూట్లు తొడుక్కుని ఇరవై చుట్లు నడిచాడు. చీకటి పడకముందే ఇంటికి వెళ్దామని, బూట్లు మార్చుకోకుండా అలాగే నడుచుకుంటూ పోయాడు. ఇల్లు రెండో అంతస్తులో రెండు గదులు. తలుపు తీసిన భార్య అతని మొహం చూసి, "ఏమండీ, వాడిపోయారేంటి, ఏదైనా తిన్నారా లేదా?" అంది. తిన్నానని చెప్పి, కాళ్లకి ఇంకా బూట్లున్నాయన్న సంగతే తెలియక వంటగదిలోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. అక్కణ్ణించి స్నానాల గదిలోకి, స్నానాల గది నుంచి ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

భార్య నేల వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఏం తొక్కారు?"

గుమ్మం దగ్గర్నుంచి వంటగదికి, వంటగది నుంచి ముందు గదికి, అతను నడిచిన ప్రతి రెండో అడుగు దగ్గరా ఒక మచ్చ ఉంది. ఎర్రగా కాదు, గోధుమ రంగులో, అంచులు తడిగా. నిదానం కూడా వాటిని చూశాడు. ఎవరివో అనుకున్నాడు.

ఆవిడ కింద కూర్చుని కుడి బూటు లేసు విప్పింది. బూటు లాగితే మేజోడు దానికి అంటుకుని వచ్చింది. అరికాల్లో బొటనవేలి కింద మెత్తటి చోట చర్మం చిరిగి, లోపలికి గుంట పడింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత బూటు తిరగేసి నేలకేసి కొట్టింది. టక్కున ఒక స్క్రూ పడి, మంచం కోడు దాకా దొర్లింది.

నిదానం దాన్ని గుర్తుపట్టాడు. గుండ్రటి తల, పొట్టి మర. లోపలి అద్దానిది. సోమవారం నుంచీ తను సీటు కింద చెయ్యి పెట్టి వెతికిందీ, పుస్తకంలో రాసిందీ, మెకానిక్కుతో వాదించిందీ దానికోసమే. అది తన కాలి కిందే ఉంది. దాని మీద నలభై ఆరు చుట్లు నడిచాడు.

"నొప్పి తెలియలేదా?" అంది భార్య.

"లేదు."

"ఇప్పుడు?" అంటూ ఆవిడ గాయం పక్కన వేలితో నొక్కింది. అతను ఆమె వేలిని చూశాడు. వేలు తన కాల్లోకి దిగడం కనిపించింది. ఎవరో పరాయి మనిషికి కట్టు కడుతుంటే చూస్తున్నట్టుంది.

"లేదు," అన్నాడు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. వేడినీళ్లు తెచ్చింది, పాత చీర అంచు చింపింది, పుండు కడిగి కట్టు కట్టింది. అంతా అయ్యాక స్క్రూని నీళ్లలో కడిగి, తుడిచి, అతని చొక్కా జేబులో వేసింది. "కంపెనీ వస్తువు. ఇచ్చెయ్యండి," అంది. ఆ మాటలో ఎంత కోపం ఉందో ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషికి తెలుసు.

"ఎల్లుండి గడిస్తే అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు.

"ఎల్లుండి ఏం మారుతుందండీ? మూడు రోజులు కడుపు మాడ్చుకుంటే ఏడాది పాపం పోతుందా? ఆ షుగరు బిళ్లలు రోజూ వేసుకోమంటే మర్చిపోతారు, రోజూ కాస్త నడవమంటే తీరిక లేదంటారు, ఇప్పుడు మేకు మీద నడుస్తారు. చెప్పెయ్యండి. కాలు పనిచెయ్యట్లేదని చెప్పెయ్యండి."

"చెప్పి? పొడుగన్న పక్కన గొట్టం పట్టుకోనా?"

ఆవిడ గోధుమ మచ్చలన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. అతనికి బాధ కలగాలి. కలగలేదు. కాల్లో మొదలైన తిమ్మిరి మెల్లగా పైకెక్కి, ఎక్కడెక్కడ తగలాలో అక్కడ కూడా ఏమీ తగలనివ్వకుండా చేసిందేమో అనిపించింది. ఆ అనిపించడం కూడా గట్టిగా అనిపించలేదు.

బుధవారం డ్యూటీ బూటు కట్టు మీద దూరలేదు. లేసులు మొత్తం వదులు చేసి, మడమతో నేలని గుద్ది గుద్ది దూర్చాడు. సెలవు పెట్టొచ్చు. కానీ పరీక్ష ముందు రోజు సెలవు పెట్టిన వాణ్ని డాక్టరు ప్రత్యేకంగా చూస్తాడని డిపోలో నానుడి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిదానం బస్సెక్కాడు.

కండక్టరమ్మ రైట్ చెప్పింది. ఆవిడ అతనితో నాలుగేళ్లుగా ఇదే రూట్లో తిరుగుతోంది. నోట్లో నువ్వుగింజ నానదు గానీ మనిషి మంచిది. మొదటి ట్రిప్పులో బస్సు రెండు స్టాపుల దగ్గర నిలబడే వాళ్లని దాటి నాలుగడుగులు ముందుకెళ్లి ఆగింది.

"ఏంటి నిదానంగారూ, ఇవాళ స్టాపులు వెనక్కి జరిగాయా?" అని అరిచింది వెనకనుంచి. జనం నవ్వారు. అతనూ నవ్వాడు.

కట్టు వల్ల కాలు మందమైంది. మోకాలు ఇచ్చే సాక్ష్యం తేడా వస్తోంది. పెడల్ ఎక్కడుందని మోకాలు చెబుతుందో అక్కడ ఉండట్లేదు. కిందికి చూసి కాలు పెడుతున్నాడు. కిందికి చూసినప్పుడు రోడ్డు కనపడదు.

మూడో ట్రిప్పులో బజారు దాటాక తెల్లచారల దగ్గర ఒక ముసలావిడ రోడ్డు దాటుతోంది. నాలుగు కాళ్ల ఇనప చట్రం ముందుకు జరుపుకుంటూ, ఒక అడుగు వేసి, మళ్లీ చట్రం జరుపుకుంటూ. చాలా దూరంనుంచే చూశాడు నిదానం. కాలు తీశాడు. తీశాననుకున్నాడు. ఇంజను చప్పుడు తగ్గలేదు. చెవి ఆ సంగతి చెప్పింది, మనసు నమ్మలేదు, కాలు తీశాను కదా అంది. ముసలావిడ చట్రాన్ని ఇంకో అడుగు జరిపింది. అతను కిందికి చూశాడు. బూటు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయిన సామానులా.

చేత్తో హ్యాండ్ బ్రేకు లాగాడు. బస్సు కీచుమని, ఊగి, ఆగింది. వెనక ఎవరివో సంచులు దొర్లాయి. ఎవరో తిట్టారు. చట్రానికీ బస్సు ముక్కుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది.

ముసలావిడ తల తిప్పి పైకి చూసింది. అద్దం వెనక అతని మొహం కనిపించింది కాబోలు, వణికే చెయ్యి ఒకటి చట్రం మీదనుంచి తీసి, పైకెత్తి, నవ్వింది. తనకోసం ఆగాడనుకుంది. అతను కూడా చెయ్యెత్తాడు. ఆవిడ అవతలి గట్టు చేరేదాకా ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నిదానంగారి బస్సు కాబట్టి సరిపోయింది," అంది కండక్టరమ్మ ముందుకొచ్చి, సంచులు సర్దుతూ. "ఇంకొకడైతే గుద్దేసేవాడు."

ఆ మాట విన్నాక కూడా చేతులు వణకలేదు. అదే అతన్ని భయపెట్టింది. భయం ఎక్కడో ఉంది, గోడ అవతల పక్కింటివాళ్లు పోట్లాడుకుంటున్నట్టు. మిగిలిన ట్రిప్పులు మొదటి గేరూ, రెండో గేరూ దాటకుండా నడిపాడు. డిపో చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. ఎవరూ ఏమీ అనలేదు. అతని పేరే నిదానం.

ఇంటికెళ్లి భార్యతో ముసలావిడ సంగతి చెప్పలేదు. ఆవిడ కట్టు మార్చింది. పుండు అంచులు ఎర్రబడ్డాయని ఆవిడే అంది. పడుకోబోయే ముందు మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, మూడు లెక్కపెట్టి "ఆ" అన్నాడు. మూడు లెక్కపెట్టి "ఆ". పక్క దులుపుతున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

"ఎవర్ని పిలుస్తున్నారు?" అంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఇరవై ఆరుమంది డ్రైవర్లు కార్యాలయం వరండాలో బెంచీల మీద వరసగా కూర్చున్నారు. అందరి మొహాలూ మూడు రోజుల పస్తుతో పీక్కుపోయి ఉన్నాయి. ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు, రెండు నిమిషాల్లో కాగితం ఊపుకుంటూ బయటికి వస్తున్నారు. నిదానం మనసులో లెక్క చూసుకుంటున్నాడు. పదింట్లో మూడోదీ ఏడోదీ వదిలెయ్యాలి. పుండు అడిగితే కొత్త బూటు కరిచిందనాలి.

అతని వంతు వచ్చింది. గదిలో బల్ల వెనక కంపెనీ డాక్టరు, మూలగా స్టూలు మీద నర్సు. ఆవిడ ఒళ్లో చిన్న పెట్టె, పెట్టెలో ఆ దారం. డాక్టరు చేతి గడియారం చూసుకుని, వేలి మీద చుక్క నెత్తురు తీయించి, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టించి, అంకెలు రాసుకున్నాడు. అంకెలు బాగానే ఉన్నాయి. మూడు రోజుల పస్తు ఊరికే పోలేదు.

"కళ్లు?"

"బాగున్నాయండీ."

"కాళ్లు?"

"ఆ," అన్నాడు నిదానం.

నర్సు పెట్టె మూత తీసి లేవబోయింది. డాక్టరు తలెత్తకుండానే చెయ్యి ఊపాడు. "అందరికీ అవన్నీ చేస్తూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. బాగున్నాయన్నాడుగా." కాగితం మీద ముద్ర పడింది. తర్వాతి వాడి పేరు పిలిచారు.

నిదానం కాగితం పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. బూటు లేసు సగం విప్పి ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు తనే విప్పుకున్నాడు, అడుగుతారు కదా అని. క్యాంటీనులో అప్పటికే పంచదార డబ్బా మూత తెరుచుకుంది. మూడు రోజుల కరువు తీర్చుకుంటున్నారు. కషాయం సీసావాడు రెండు చేతుల్లో రెండు మిఠాయిలు పట్టుకుని, "గండం గడిచింది మామా! మళ్లీ ఏడాది దాకా మనల్ని అడిగేవాడు లేడు!" అని అరిచాడు.

అడిగేవాడు లేడు. నిజమే. అతను భయపడింది పట్టుబడతానని. తప్పించుకుంటే ఏం చెయ్యాలో ఎప్పుడూ అనుకోలేదు.

పదకొండు గంటల ట్రిప్పుకి బస్సు నిండుగా ఉంది. సీట్లో కూర్చుని జేబు తడుముకుంటే స్క్రూ తగిలింది, చేతివేళ్లకి ఇంకా తెలుస్తుంది. నాణెంతో తిప్పి దాన్ని అద్దానికి బిగించాడు. దారం విప్పేశాడు. అద్దం సరిగ్గా నిలబడింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి వెనక ఉన్నవాళ్లంతా అందులో కనిపించారు. ఒకామె పిల్ల జుట్టు దువ్వుతోంది. ఇద్దరు ఏదో విషయం మీద వాదించుకుంటున్నారు. మూడో వరసలో కిటికీ పక్కన ఒక మనిషి, బస్సు ఇంకా కదలనే లేదు, అప్పుడే తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నిదానం అతని వైపే చాలాసేపు చూశాడు. కాలు జారితే తీసుకోగలమట. ఆ మాట అన్న పొడుగన్న తల్లి బస్సు నడపలేదు.

"రైట్!" అంది కండక్టరమ్మ.

అతను కదలలేదు.

"రైట్ రైట్! నిదానంగారూ, మరీ ఇంత నిదానమైతే ఎలా?"

హ్యాండ్ బ్రేకు వేసే ఉంది, అయినా ఇంకోసారి లాగాడు. తాళంచెవి తీసి, కిందికి దిగి, చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇంకొకర్ని పంపించమని చెప్పమ్మా."

"అదేంటి? ఒంట్లో బాగాలేదా? ఇప్పుడేగా పరీక్ష నెగ్గారు?"

"నెగ్గాను," అని నడుచుకుంటూ పోయాడు. నడుస్తుంటే కుడికాలు కాస్త ఈడుస్తోందని అతనికి తెలియదు. వెనక నుంచి చూసిన కండక్టరమ్మకి తెలిసింది.

డాక్టరు వెళ్లిపోయాడు. గదిలో నర్సు ఒక్కతే కాగితాలు కట్ట కడుతోంది. అతను స్టూలు లాక్కుని కూర్చుని బూటు విప్పాడు, మేజోడు విప్పాడు, కట్టు విప్పాడు. నర్సు పుండు చూసి కాగితాలు పక్కన పెట్టేసింది.

"ఎన్నాళ్లయింది బాబాయ్?"

"మూడు రోజులు. బూట్లో స్క్రూ ఉందమ్మా. తెలియలేదు."

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. "ఇది ఇవాళే ఆసుపత్రిలో చూపించాలి. కాలు నేల మీద మోపకూడదు. అది వేరే సంగతి. దారం పరీక్ష చెయ్యమంటావా?"

"చెయ్యి."

"ఆలోచించుకో. డాక్టరుగారు ఫిట్ అని రాసేశారు. నేను చేశానంటే పుస్తకంలో రాయాలి. రాశాక చెరపడం నా చేతుల్లో లేదు."

"తెలుసమ్మా."

"ఇంటికెళ్లి పిన్నితో మాట్లాడి..."

"ఆవిడ మొన్ననే చెప్పింది. చూడు."

నర్సు అతని కాలు తన ఒళ్లోకి తీసుకుంది. పెట్టె మూత తీసింది. "కళ్లు మూసుకో. తగిలినప్పుడల్లా చెప్పాలి. తగలకపోతే చెప్పకు," అంది.

నిదానం కళ్లు మూసుకున్నాడు. మూడు లెక్కపెట్టలేదు. గాజుల చప్పుడుకి చెవి ఒగ్గలేదు. ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా కుడికాలి దగ్గరికి తెచ్చుకుని కూర్చున్నాడు, ఒక్కటి తగిలినా చాలు, నిజంగా తగిలితే చాలు అని. షెడ్డు వెనకనుంచి నీళ్లు రేకు మీద పడుతున్న చప్పుడు వస్తోంది. ఏదో బస్సు స్టార్టయి గేటు దాటింది, శబ్దాన్ని బట్టి అది తనదే. నర్సు ఇంకా మొదలుపెట్టలేదు. దారం వెతుక్కుంటోందేమో, లేక జాలిపడి ఆగిందేమో. చాలాసేపు చూశాడు.

"మొదలుపెట్టావా అమ్మా?" అన్నాడు చివరికి.

"అయిపోయింది బాబాయ్," అంది నర్సు.